విప్పని కట్ట

"మీ బాపుకు పిడికెడు మన్ను వెయ్యనీకె రానోనివి, ఇప్పుడు వాడిపోయిన పూలు తెచ్చినవా?"

సురంగల్ సమాధుల తోటలో మారెమ్మ కొడుకు మొహమైనా చూడకుండా అడిగింది. పెళ్లి మండపానికి పూల డెకరేషన్ చేయడానికి రత్నాకర్ విమానంలో అండమాన్ వెళ్లాడు. అతను అక్కడుండగానే తండ్రి మారయ్య పోయాడు. తుఫాను గాలికి రెండు రోజులు విమానాలు లేవలేదు. కొడుకు కోసం ఒక రోజంతా ఎదురుచూసి, చివరికి మట్టి చేసేశారు.

"విమానం లేకపాయె. నేనేం చెయ్యాలె అవ్వా?"

"పెళ్లోళ్ల మండపం మాత్రం మంచిగ కట్టొచ్చినవ్ గద!"

రత్నాకర్ గులాబీల కట్టను పచ్చి మట్టి మీద పెట్టాడు. రేకులు నల్లబడ్డాయి. కాడలకు చుట్టిన గుడ్డ పేలిక మాత్రం బిగువుగానే ఉంది.

మారెమ్మ చూపు ఆ పేలిక దగ్గరే ఆగిపోయింది. అది తన పాత నీలం చీర అంచు. మారయ్య పనిచేసిన పూలతోటలో మిగతా కూలీలందరూ కట్టలకు రబ్బరు బ్యాండు వేస్తారు. కాడలు నలుగుతాయని మారయ్య ఒక్కడే చీర పేలికతో కట్టేవాడు.

"ఇవి... ఆయన కోసిన పూలారా?"

"ఔ అవ్వా. నేను పోయేనాడు పొద్దుగాల బాపే కోసి కట్టిచ్చిండు. ఫోనొచ్చేసరికి ఈ ఒక్క కట్టే మిగిలి ఉన్నది. విప్పనీకె చేతులు రాలే. డెకరేషన్ సేటు తిట్టిండు. మండపంల ఒక మూల ఖాళీగనే ఉండిపాయె."

మారెమ్మ చెయ్యి ఆ ముడి దాకా వెళ్లి ఆగింది. సమాధి పక్కన మిగిలిన మట్టిలోంచి పిడికెడు తీసి కొడుకు దోసిట్లో పోసింది.

"వెయ్యి బిడ్డా. ముడి మీద పడకుండ వెయ్యి."