కోపం రాని కోయిల

మా విశాఖ బొటానికల్ గార్డెన్‌లో చెట్లు ఇంకా నిజమైనవే. పిట్టలు మాత్రం పోయి చాలా ఏళ్లయింది. వాటి బదులు కొమ్మలకు ఆకుపచ్చ స్పీకర్లు బిగించారు. ఆదివారం మా మేనత్త పైడమ్మను అక్కడికి తీసుకెళ్లాను. మామిడిచెట్టు కింద నిలబడగానే పైనున్న స్పీకరు "కుహూ" అంది.

అత్త ముఖం వెలిగిపోయింది. కొంగు నడుముకు దోపుకుని, "కుహూ" అని వెక్కిరించింది. చిన్నప్పుడు మేమందరం చేసిన పనే. వెక్కిరించేకొద్దీ కోయిల ఉక్రోషంతో గొంతు పెంచేది. చివరికి విసుగెత్తి ఎగిరిపోతే మేం గెలిచినట్టు.

ఈ కోయిల మాత్రం మళ్లీ అదే శ్రుతిలో మర్యాదగా కూసింది. అత్త గొంతు పెంచింది. అది పెంచలేదు.

"ఏటే, దీనికి రోసం నేదేటే?" అంటూ అత్త బెంచీ మీద కూలబడింది.

"అది మిషను అత్తా. పద, ఇంటికి పోదాం."

"ఇంకొక్కసారి," అని అత్త గొంతు చించుకుని కూసింది.

అప్పుడు వెదురుపొదల అవతలి నుంచి ఇంకో "కుహూ" వచ్చింది, అత్త కంటే ఒక మెట్టు పైన. అత్త వెంటనే జవాబిచ్చింది. అవతలి గొంతు ఇంకా పైకి లేచి, జీరపోయి, దగ్గులోకి దిగింది. ఎవరో ముసలాయన.

దగ్గు ఆగీ ఆగకముందే ఆయన మళ్లీ కూశాడు.

అత్త కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడింది.

"ఓలమ్మీ, కోపమొచ్చీసిందే దీనికి!"