చేతిలో బల్బు

సాయంత్రం ఆరున్నరకు కరెంటు పోయింది. ముందు గదిలో ఛార్జింగ్ బల్బు దానంతటదే వెలిగింది. వెలిగిందన్న మాటే గాని, పుస్తకంలో అక్షరం ఆనేంత వెలుగు లేదు.

కరుణాకుమారికి ఒళ్లు మండిపోయింది. పొద్దుటి నుంచి కరెంటు ఇలా వచ్చి అలా పోతూనే ఉంది. ఇక బల్బుకు ఛార్జింగ్ ఎక్కడి నుంచి ఎక్కుతుంది? కొన్న కొత్తలో నాలుగు గంటలు వెలిగేది. ఏడాది తిరిగేసరికి గంట వెలిగితే గొప్ప. ఇంట్లో ఇలాంటివి మూడున్నాయి. ముందు గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి, స్నానాల గదిలో ఒకటి.

రేపే సైన్సు పరీక్ష.

"అబీ, ఆపొద్దు. చదువు," అంది వంటింట్లోంచి. ఆమె చేతుల్లో కానాగంత చేపలు. ఇంకా సగం చేపలకు పొలుసు తీయాలి.

కూతురు అబిగయీలు ఒంటి మీద యూనిఫారం కూడా మార్చుకోలేదు. వంటింటి గడప మీద కూర్చుని పుస్తకాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

"ధమనులు గుండె నుంచి శరీర భాగాలకు రక్తాన్ని తీసుకుపోతాయి. సిరలు..."

"గట్టిగా. నాకు వినబడాల."

"సిరలు శరీర భాగాల నుంచి రక్తాన్ని గుండెకు తీసుకొస్తాయి."

ఆ వాక్యాన్ని కరుణాకుమారి పెదాలు కూడా వెంట పలికాయి. ఇంతలో ముందు గదిలో బల్బు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

కరుణాకుమారి చేయి కడుక్కుని లైన్‌మన్‌కు ఫోన్ చేసింది. నాలుగోసారికి ఎత్తాడు.

"రొయ్యల గుంటల కాడ తీగ తెగిందక్కా. ఎంత లేదన్నా రెండు గంటలు పడద్ది."

"రేపు పరీక్ష ఉండాది పోలేరయ్యా!"

"నేనేం చేసేదక్కా? స్తంభం మీదుండా," అని పెట్టేశాడు.

ఆమె విసురుగా స్నానాల గది తలుపు తట్టింది. "అత్తా, ఆ బల్బు ఈ పక్కకియ్యి."

"నేను నీళ్లు పోసుకోవద్దా మే? చీకట్లో జారిపడితే ఎవురు చూసేది?" లోపలి నుంచి సారమ్మ గొంతు లేచింది. "అయినా ఆడదానికి ఈ చదువుతో పనేముండాది? నేనేం చదివినా? బతకలా?"

రెండేళ్లుగా వింటున్న మాటే. బదులు చెబితే మాటకు మాట పెరుగుతుంది. ఉన్న కాస్త వెలుగూ ఆ గొడవలోనే పోతుంది. కరుణాకుమారి పళ్లు బిగించి వెనక్కి తిరిగింది.

వంటింటి హోల్డరులోంచి బల్బు ఊడదీసి కూతురి చేతికిచ్చింది. దాని వెనకున్న రెండు లోహపు చుక్కలనూ వేళ్లతో అదిమి పట్టుకుంటే, హోల్డరు లేకపోయినా వెలుగుతుంది. వేలు జారిందా, చీకటే. అబిగయీలు ఒక చేత్తో బల్బు, ఒక చేత్తో పుస్తకం పట్టుకుంది. కరుణాకుమారి గ్యాస్ పొయ్యి మంట వెలుగులో చేపల పులుసు పెట్టింది. చింతపండు ఎక్కువైందో తక్కువైందో చూసే తీరిక కూడా లేదు.

"మా, గొంతు పోతా ఉండాది."

"ఇంకొక్కసారి. ఆ తేడాలు మళ్లా మొదట్నించి చదువు."

అప్పుడే ఆమె భర్త జడ్సన్ ఇంట్లో అడుగుపెట్టాడు. జువ్వలదిన్నె హార్బరులో బోటింజన్లు బాగుచేసి చేసి, మోచేతుల దాకా ఆయిలు మరకలతో వచ్చాడు. అన్నం ఇంకా అరగంట పడుతుందనగానే మొహం మాడ్చుకున్నాడు.

"పోయినసారి ఫెయిలైనప్పుడే వద్దన్నానా లేదా? ఈ వయసులో ఇంత పరుగేంది?"

"ఆరు మార్కుల్లో పోయింది. ఈసారి పోదు."

"పాసైతే మాత్రం ఏం చేస్తారంట?"

"పాసైనాక చెప్తా."

జడ్సన్ ఇంకేదో అనబోయి గడప వైపు చూసి ఆగాడు. "ఆ బిడ్డ చెయ్యి చూడు. ఎట్టా వణకతా ఉండాదో."

కరుణాకుమారి చూసింది. నిజమే. బల్బు పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయాయి. వెలుగు గోడ మీద అదురుతోంది. ఈ పరీక్ష పిచ్చిలో పడి పసిదాన్ని ఇంతలా నలిపేస్తున్నానా? తప్పు తనదా, కరెంటుదా, ఈ దిక్కుమాలిన బల్బుదా?

పొయ్యి తగ్గించి కూతురి పక్కన కూర్చుంది. "ఇటియ్యి. నేను పట్టుకుంటా. నువ్వు చదువు."

చేపల వాసన వదలని వేళ్ల మధ్య బల్బు మరో ఇరవై నిమిషాలు వెలిగింది. కంటి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి అదీ చచ్చింది. స్నానాల గదిలోది అంతకు ముందే ఆరిపోయింది.

"సచ్చింది పో!" అని కరుణాకుమారి దాన్ని గోడకేసి కొట్టబోయి ఆగింది.

ఇక చీకట్లోనే మొదలుపెట్టారు. ఒకరు అడగడం, ఒకరు జవాబు చెప్పడం. కంటి భాగాల్లో ఒకచోట తప్పు పోయింది. మళ్లీ చెబితే మళ్లీ అక్కడే పోయింది. మూడోసారీ అంతే. కరుణాకుమారి కసిగా తొడ మీద చరుచుకుంది. నాలుగోసారికి గాని సరిగ్గా రాలేదు.

తీరా కరెంటు వచ్చేసరికి పుస్తకం ఒళ్లో ఉండగానే అబిగయీలు తల్లి భుజం మీద నిద్రపోతోంది.

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్లు కావలి బస్సెక్కారు. పరీక్ష జరిగే స్కూలు గేటు దగ్గర తోపులాట. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

గేటు దగ్గర కూర్చున్న మాస్టారు హాల్ టికెట్టు అందుకున్నాడు. ఫొటో చూశాడు, మొహం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

"ఏడో గది. తోడొచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవాలి," అన్నాడు.

గేటు బయటే ఆగిపోయిన అబిగయీలు, జనం మధ్యలోంచి మునివేళ్ల మీద లేచి, "అమ్మా, కంగారు పడొద్దు, నిదానంగా రాయి!" అని కేకేసింది.