అడ్డుకునేవారు కావలెను

ట్రాఫిక్ కానిస్టేబుల్ గొడుగు తెచ్చి ఆమె కెమెరాకు నీడ పట్టాడు.

"ఎండకి వేడెక్కిపోతుంది మేడమ్. మీరు వీడియో తీసుకోండి, నేను గొడుగు పట్టుకుంటా."

జర్నలిజం విద్యార్థిని నీరుగారిపోయింది. బహిరంగ ప్రదేశాల్లో వీడియో తీసేవారిని పోలీసులు ఎలా అడ్డుకుంటారో చూపే డాక్యుమెంటరీ ఆమెది. సాయంత్రంలోగా కాలేజీలో ఇవ్వకపోతే ఈ ఏడాది చదువు పోయినట్టే. పేరు ఖరారైంది. వ్యాఖ్యానం రికార్డయింది. ముగింపుకు విషాద సంగీతం కూడా సిద్ధంగా ఉంది. అడ్డుకునే పోలీసు ఒక్కడే తక్కువ. ఫలితం ముందే రాసుకుని ప్రయోగానికి దిగితే ప్రకృతి ఇలాగే మొండికేస్తుంది.

మొన్నటికి మొన్న ఇదే కూడలిలో ఆమె సహాధ్యాయి ఫోను లాక్కుని, మధ్యాహ్నం దాకా నిలబెట్టినవాళ్లే వీళ్లు.

పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన పోలీసు జీపును వీడియో తీసింది. డ్రైవరు దిగి, నంబరు ప్లేటు శుభ్రంగా తుడిచి, పక్కకు తప్పుకున్నాడు. బెంచీ మీద కునుకు తీస్తున్న హెడ్ కానిస్టేబుల్‌ను తీసింది. ఆయన ఉలిక్కిపడి లేచి, క్షమించమని, కావాలంటే మళ్లీ పడుకుంటానన్నాడు.

విసిగి స్టేషన్‌కే వెళ్లింది. ఇన్‌స్పెక్టర్ లేచి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"సార్, ఒక్కసారి నన్ను ఆపండి. తిట్టకపోయినా పర్లేదు. కెమెరాకి చెయ్యి అడ్డం పెడితే చాలు."

ఇన్‌స్పెక్టర్ గడుసుగా నవ్వాడు. "మమ్మల్ని మరీ అంత అమాయకులనుకున్నారా మేడమ్?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. అది చూసి ఆయన కంగారుపడి, తలుపులన్నీ తెరిపించి, లోపల ఎక్కడ కావాలంటే అక్కడ తీసుకోమన్నాడు.

లాకప్ ఊచల వెనుక ఒక నెరిసిన మీసాల మనిషి నిలబడి ఉన్నాడు. వీపున కాలేజీ సంచీ, కాళ్లకు రంగురంగుల బూట్లు. పొద్దున కూడలిలో వీడియో తీస్తుంటే ఈడ్చుకొచ్చారట. పైగా ఆ వయసులో విద్యార్థినని బుకాయించాడట.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కెమెరా ఆయనవైపు తిప్పి, జరిగింది జరిగినట్టు చెప్పమని బతిమాలింది.

ఆయన ఊచల దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"పోలీసుల మర్యాద ఎలా ఉందో చూసి రమ్మని పై ఆఫీసువాళ్లు కెమెరా ఇచ్చి ఒక అధికారిని విద్యార్థి వేషంలో పంపుతున్నారని వీళ్లకి ముందే ఉప్పందిందటమ్మా, ఆ అధికారిని నేనే."