వచ్చినంత తెలుగు

సరోజినీ నగర్ మార్కెట్లో స్వెటర్ బేరమాడి తల తిప్పేసరికి, మల్లికార్జున పక్కన కూతురు లేదు.

"ఇషీ! ఇషితా!"

ఐదేళ్ల పిల్ల. ఆదివారం జనం. కొట్ల మధ్య పిచ్చివాడిలా పరుగెత్తాడు.

ఎదురొచ్చిన ప్రతి మీసం దొంగలాగే కనిపించింది. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి నాలుగేళ్లయినా ఢిల్లీ జనాన్ని అతను చూసేది మన సినిమా కళ్లతోనే. బుర్రమీసం, చెవికి పోగు, బొంగురు గొంతు ఉన్నాయా, వాడు రౌడీ. ఇంక విచారణ లేదు.

మలుపులో, బ్యాగుల కొట్టు ముందు పిల్ల కనబడింది.

పిల్లకి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడొకడు. గోడలాంటి మనిషి. బుర్రమీసం. నుదుటి మీద గాటు.

వాడు కళ్లెర్రజేసి వచ్చీరాని తెలుగులో అరుస్తున్నాడు.

"నిన్ను నరుకుతా! నీ నాన్నని నరుకుతా! ఎక్కడ దాక్కున్నా లాక్కొస్తా!"

వెనకనుంచి చూస్తే పిల్ల భుజాలు ఊగిపోతున్నాయి.

మల్లికార్జునకు ఒళ్లు తెలియలేదు. వెళ్లడం వెళ్లడమే చెంప ఛెళ్లుమనిపించాడు.

"నా కూతుర్నే నరుకుతావురా? పోలీస్‌కో బులావో!"

జనం మూగారు.

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. తిరిగి ఒక్కటిస్తే మల్లికార్జున లేచేవాడు కాదు. ఇవ్వలేదు.

"బచ్చీ మిల్ గయీ నా, భాయీసాబ్? బస్," పిల్ల దొరికిందిగా, అది చాలన్నట్టు చెంప తడుముకుంటూ జనంలోకి నడిచిపోయాడు.

మల్లికార్జున పిల్లను ఎత్తుకుని గుండెకు హత్తుకున్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"బాగా భయపెట్టాడా తల్లీ?"

"అంకుల్‌ని ఎందుకు కొట్టావ్ పప్పా?" పిల్ల మూతి ముడిచింది. "కిత్‌నా హసాయా ముఝే! నవ్వలేక చచ్చిపోయా."

"నవ్వావా?"

"నాన్న కావాలీ, నాన్న కావాలీ అని ఏడ్చా కదా. కిసీకో సమఝ్ నహీ ఆయా. అంకుల్‌కే తెలిసింది."

ఇంట్లో ఏమడిగినా హిందీలో బదులిచ్చే పిల్ల, తప్పిపోయాక ఏడ్చింది మాత్రం తెలుగులోనే.

బ్యాగుల కొట్టువాడు హిందీలో కసిరాడు.

"ఏం మనిషండీ మీరు? పిల్ల ఏమంటోందో మాలో ఒక్కడికీ తెలియలేదు. ఇది ఫలానా భాష అని పట్టింది ఆయనే. వాళ్ల నాన్న వచ్చేదాకా కదలనని ఇక్కడే కూర్చున్నాడు."

మల్లికార్జున మెడ చాచి వెతికాడు. జనంలో ఆ తల ఎక్కడా లేదు.

"ఆయనకి తెలుగు ఎలా వచ్చు?"

"వచ్చేదెక్కడ సాబ్! హైదరాబాద్ వెళ్లి మీ సినిమాల్లో హీరోల చేత తన్నులు తినే గూండా ఆయన. మీవాళ్లు నేర్పిన ఆ నాలుగు ముక్కలతోనే మీ పిల్ల ఏడుపు మాన్పాడు."