పెళ్లిచూపుల్లో బయటపడ్డ బుడిపె

ముహూర్తం ఈ నెలలోనే ఉండాలని పట్టుబట్టి, పెళ్లికొడుకు తండ్రి నరహరి బాత్‌రూమ్‌కి వెళ్లాడు. చదువు మధ్యలో ఉన్న కూతురికి అంత తొందరగా పెళ్లెలా చేయడం అని మథనపడుతున్న భ్రమరాంబకు అప్పుడు గుర్తొచ్చింది. కూర్చున్నవాళ్ల ఒంట్లో జబ్బేముందో పరీక్షించి పైకి చెప్పేసే మరుగుదొడ్డి అది, చుట్టాలొచ్చినప్పుడు దాని నోరు మూయించాలి. హడావిడిలో మరిచిపోయింది.

ఈలోగా మరుగుదొడ్డి హాలంతా వినపడేలా చెప్పేసింది. "పేగులో బుడిపె ఉందండి. అందులో జన్యువులు మారిపోతున్నాయి. ఇంకా క్యాన్సర్ కాలేదు, మందు తాగితే రాలిపోతుంది."

అందరి చేతుల్లో బూందీ ఆగిపోయింది. సంబంధం చెడినట్టేననుకుంటూనే, భ్రమరాంబ ఇలాంటి బుడిపెలకని ఫ్రిజ్‌లో ఉంచుకున్న మందు మజ్జిగలో కలిపి తెచ్చింది.

బయటికొచ్చిన నరహరి గటగటా తాగేశాడు. "మా నాన్న పేగు క్యాన్సర్‌తోనే పోయారు. నాకూ అదే రాసిపెట్టుందని భయపడి, మా ఇంట్లో మరుగుదొడ్డి నోరు ఏనాడో మూయించేశాను," అని మీసానికంటిన మజ్జిగ తుడుచుకుంటూ నవ్వాడు. "ఇక తొందరేం లేదు చెల్లెమ్మా. పిల్ల చదువు పూర్తి కానివ్వండి. అప్పటికి నేనుంటాగా."