మెడపట్టీ

అడవులు కాలిపోయాక మిగిలిన జింకల్ని సర్కారు ఊళ్లకు దూరంగా మెట్టభూముల్లో ఉన్న కుటుంబాలకు పంచింది. వాటి మెడపట్టీలకు గుండె చప్పుడు అందినంత కాలమే నీళ్ల ట్యాంకరు వస్తుంది. ఇంట్లో మనుషులు తాగేదీ ఆ నీళ్లే.

సుంకులమ్మ పెంచే రెండు జింకల్లో ఒకటి వేసవిలో చచ్చిపోయింది. ఆ పట్టీని ఆమె తన మెడకు కట్టుకుంది. జింక రాత్రిళ్లు నెమరు వేస్తుంది కాబట్టి, తనూ వక్క నములుతూ కూర్చుంటుంది. కంచె దాటితే పట్టీ మోగుతుందని సొంత తమ్ముడి కర్మకు కూడా పోలేదు.

"దానికంటే నువ్వే బాగా నెమరేస్తావత్తా," అని కోడలు మద్దిలేటమ్మ నవ్వేది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు పుట్టింటికి పోదామని సంచి సర్దుకుంది.

బయల్దేరే రోజు పొద్దున మేత వేయబోతే రెండో జింక లేవలేదు.

"దీని పట్టీ నీ కొడుక్కు కడదాం," అంది మద్దిలేటమ్మ.

"మేతకూ కట్టెలకూ కంచె దాటేది ఓబులేసే గదమ్మా," అంది సుంకులమ్మ, ఆమె ముఖం చూడకుండా. "కాన్పు నేను చేస్తాలే."

మద్దిలేటమ్మ సర్దుకున్న సంచిని లోపల పెట్టి వచ్చింది. తర్వాత జడ పక్కకు తీసి మెడ వంచింది.

మరుసటి వారం ట్యాంకరు ఎప్పటికంటే ఎక్కువ నీళ్లు పోసింది. డ్రైవరు లేని ఆ బండిలోంచి మెత్తటి గొంతు వినిపించింది.

"మీ జింక చూలుతో ఉంది. చాలా సంతోషం. అరలో చిన్న పట్టీ పెట్టాం, పిల్ల పుట్టిన రోజే కట్టండి."

మద్దిలేటమ్మ దాన్ని తీసుకుని, లోపలివైపు మెత్తగా ఉందో లేదో వేలితో తడిమి చూసింది.