ఆడపిల్ల రేటు

"ఇంకొక్కసారి చెప్పు తల్లీ. కారు ఎవరు నడిపారు?"

"నేనే."

"ఆ ఏడుపు మొహంతో కాదు. మామూలుగా చెప్పు," అంది కన్సెప్టా, కూతురి వీపు వెనక దిండు సర్దుతూ.

ఓర్లా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని ఉంది. తొడ దాకా కట్టు కట్టిన ఎడమకాలు ఎదురుగా స్టూలు మీద ఉంది. కాసేపట్లో ఇన్సూరెన్సు ఆవిడ వస్తుంది. ఆవిడ ముందు ఓర్లా ఒక్క అబద్ధం చెప్పి, ఒక్క సంతకం పెట్టాలి. కారు గుద్దుకున్న దగ్గర్నుంచి, మూడు వారాలుగా ఇంటిల్లిపాదీ ఆమె వెంటపడుతున్నది అందుకే.

కారు అన్న కాహల్‌ది. కాగితాల మీద మాత్రం ఓర్లాది. ఇరవై ఏళ్ల కుర్రాడి పేరు మీద ఇన్సూరెన్సు అడిగితే మూడు వేల రెండొందల యూరోలన్నారు. అదే కారుకి పందొమ్మిదేళ్ల ఆడపిల్ల పేరు చెబితే పదకొండు వందలే. ఆడపిల్లలు నెమ్మదిగా నడుపుతారని కంపెనీల లెక్క. ఇంకేముంది, తండ్రి మలాకీ ఆ సాయంత్రమే కూతురి చేత సంతకం పెట్టించేశాడు.

"నీ వల్ల కూడా ఈ ఇంటికి లాభముందని తేలింది చూశావా!" అని ఆ రోజు పగలబడి నవ్వాడు. "ఈ భోగం వచ్చే క్రిస్మస్ దాకానే లే. డిసెంబరు ఇరవై ఒకటి నుంచి ఆడా మగా అందరికీ ఒకటే రేటట. యూరోపు కోర్టు చెప్పేసింది. సమానత్వం వచ్చేలోపే వాడేసుకోవాలి."

ఏడాదిలో ఓర్లా ఆ కారు నడిపింది నాలుగంటే నాలుగుసార్లు. మిగతా అన్ని రోజులూ ఆమెది పక్క సీటే.

ఇప్పుడు నిజం చెబితే కాహల్ ఇన్సూరెన్సు లేకుండా నడిపినట్టు తేలుతుంది. కోర్టు, కేసు. లైసెన్సు పోతుంది, దాంతోపాటు నేర్చుకుంటున్న కరెంటు పనీ పోతుంది. అబద్ధం చెబితే తప్పంతా ఓర్లాది. మోకాలికి రెండో ఆపరేషన్ కావాలన్నారు, తప్పు చేసిన డ్రైవరుకి కంపెనీ పైసా ఇవ్వదు. ఫిబ్రవరిలో కాసిల్‌బార్ ఆస్పత్రిలో నర్సింగు శిక్షణ. అక్కడికి ఇటునుంచి బస్సు లేదు. పేరు మీద ఇంత ప్రమాదం ఉన్న పిల్లకి ఇన్సూరెన్సు ఎవరిస్తారు?

ఇదంతా చెప్పి చూసింది. "పెళ్లయ్యాక మీ ఆయన నడుపుతాడులే," అన్నాడు మలాకీ.

కాహల్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మూడు వారాల్లో ఆ కాలి వంక ఒక్కసారి కూడా చూడలేదు.

"సరదాకి చేశానే ఓర్లా," అన్నాడు మళ్ళీ. "బ్రేకు పడుతుందనుకున్నా. ఎప్పుడూ పడేదిగా."

ఓర్లాకి ఏడుపొచ్చింది. చిన్నప్పుడు హాకీ లాంటి కామోగీ ఆటకి కర్ర పట్టుకోవడం నేర్పింది వీడే. ఆ కర్ర మొన్నటిదాకా తలుపు వెనకే ఉండేది. అమ్మ చడీచప్పుడూ లేకుండా మేడమీదికి చేర్చేసింది.

"నడిపింది నువ్వేనని నేను ఆస్పత్రిలో అప్పుడే చెప్పేశాను కదమ్మా," అంది కన్సెప్టా. "ఇప్పుడు నువ్వు మాట మారిస్తే నేనేమైపోవాలి? చర్చిలో ఫాదర్ మొహం ఎలా చూడాలి?"

బయట కుక్క మొరిగింది. ఇన్సూరెన్సు ఆవిడ, డెవానీ, బురద బూట్లు గుమ్మంలో తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

"అబ్బ, మీ దారితో చచ్చానండీ! ఈ వానలో ప్రతి గేటుకీ దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం."

"ఆవులున్నాయి కదండీ మరి," అన్నాడు మలాకీ. "టీ తాగండి."

టీ, వెన్న రాసిన బ్రెడ్డు ముందుకొచ్చాయి. ఆవిడ వాటిని ముట్టుకోకుండా ఫారం తీసింది.

"కారు చూశాను, గేటు స్తంభమూ చూశాను. గట్టిగానే తగిలింది. నడిపింది మీరేనా అమ్మాయ్?"

"నేనేనండీ."

"రోడ్డు తడిగా ఉందా?"

"ఉందండీ."

"ఎంత వేగం?"

"ముప్పైకి మించదు," అన్నాడు మలాకీ.

"ఆమెని చెప్పనివ్వండి."

"ముప్పై," అంది ఓర్లా.

"కాలు స్టీరింగు కింద ఇరుక్కుందా?"

"అవునండీ, పాపం పిచ్చిపిల్ల," అంది కన్సెప్టా. చెయ్యి కూతురి భుజం మీద వేసింది. ఆ చెయ్యి బరువుగా ఉంది.

అన్నీ నేర్పిన జవాబులే. ఒక్కొక్కటి చెబుతుంటే ఓర్లాకి గొంతు దాకా బురదలో కూరుకుపోతున్నట్టుంది. డెవానీ రాసుకుని, ఫారం తిప్పి, సంతకం చేసే చోట వేలు పెట్టి, పెన్ను అందించింది. మలాకీ ఊపిరి వదిలాడు. కాహల్ మొదటిసారి ఇటు తిరిగాడు.

"అన్నట్టు, ఇంకొకటి మిగిలింది. ఫారంలో ఉంది కాబట్టి అడుగుతున్నా," అంది ఆవిడ. "గుద్దుకున్నప్పుడు సీటు బెల్టు పెట్టుకున్నారా?"

ఈ ప్రశ్నకి జవాబు ఎవరూ నేర్పలేదు. భుజం మీద చెయ్యి అవునని చెప్పమన్నట్టు నొక్కింది. ఓర్లా పెన్ను వంక చూసింది. కట్టు వంక చూసింది.

"లేదండీ," అంది. "అన్న కారు లోపలికి రావడానికి స్తంభం పక్కన గేటు పట్టుకుని నిలబడి ఉన్నాను."